పోవుడులోంచి పుట్టిన రేపు

బోధన్ బస్టాండులో కాసేపు నిలబడితే చాలు, ఇంకా జరగని పనుల ముచ్చట మూడు భాషల్లో వినబడుతుంది. రెంజల్ బస్సు కోసం చూస్తున్న రైతు "వచ్చే వారం చెరుకు కొట్టబోతున్నం" అంటాడు. చాయ్ హోటల్ దగ్గర ఇంకొకాయన అదే సంగతిని దక్కనీలో "గన్నా కాట్‌నే జా రహే" అంటాడు. సరిహద్దు అవతల ధర్మాబాద్ నుంచి వచ్చినాయన మరాఠీలో "ఊస తోడ్‌ణార్ ఆహోత్" అంటాడు. ముగ్గురూ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. అయినా మొదటి ఇద్దరి మాటల్లో నడక ఉంది. 'బోతున్నం'లో పోవుడుంది, 'జా రహే'లో జానా ఉంది. మరాఠీ ఆయన మాత్రం ఎక్కడికీ పోకుండానే రేపటి పని చెప్పేశాడు.

ఈ తేడా మా ఇంట్లో ఫ్రెంచి వల్ల చర్చకొచ్చింది. హైదరాబాదు కాలేజీల్లో ఇంటర్‌కు సెకండ్ లాంగ్వేజిగా తెలుగు వదిలి సంస్కృతమో ఫ్రెంచో తీసుకోవడం మామూలే. మార్కులు బాగా పడతాయని అందరికీ తెలిసిన లెక్క. రెంజల్ నుంచి పోయిన మా తమ్ముడి కూతురూ ఫ్రెంచే తీసుకుంది. సెలవులకు వచ్చి ఒక క్రియాపట్టికను బట్టీ కొడుతూ, "పెద్దబాపూ, తినుడు గురించి చెప్తుంటె నడుమ ఈ పోవుడేంది?" అని విసుక్కుంది. ఆమె ముందున్న పాఠం 'ఫ్యూత్యూర్ ప్రోష్', అంటే దగ్గరి భవిష్యత్తు. దాన్ని ఇంగ్లిష్ 'గోయింగ్ టు'తో పోల్చి చెప్పిన పుస్తకంలో తెలుగు ఊసే లేదు. "నువ్వు అన్నం తినబోతున్నవా లేదా? అండ్ల పోవుడు లేదా మరి?" అన్నాను. నవ్వింది గానీ నమ్మినట్టు లేదు. ఆ పిల్లకు నోటిమాటగా చెప్పలేకపోయిన కథంతా ఇక్కడ చెబుతాను.

ముందు ఆ పట్టిక సంగతి. ఫ్రెంచిలో పోవుడుకు 'అలే' అనే క్రియ ఉంది. వర్తమానంలో అది మనిషిని బట్టి మారుతుంది: నేను అయితే 'జె వె', నువ్వు అయితే 'తు వా', అతడూ ఆమే అయితే 'వా', మేము అయితే 'అలోఁ', మీరు అయితే 'అలే', వాళ్ళు అయితే 'వోఁ'. దాని పక్కన అసలు పని తెలిపే క్రియను ఏ మార్పూ లేకుండా పెట్టాలి. పాడడం 'శాఁతే' కాబట్టి 'జె వె శాఁతే' అంటే పాడబోతున్నాను, 'ఇల్ వోఁ శాఁతే' అంటే వాళ్ళు పాడబోతున్నారు. ఎవరు పాడినా శాఁతే శాఁతేగానే ఉంటుంది. తెలుగులోనూ ఇదే పద్ధతి. 'పాడ' కదలదు, బోతున్నాను, బోతున్నావు, బోతున్నారు అని పోవుడే మనిషిని బట్టి మారుతుంది. వరస ఒక్కటే తలకిందులు: వాళ్ళకు పోవుడు ముందు, మనకు వెనుక. (ఫ్రెంచి అనునాసికాలకు అరసున్న వాడాను. తెలుగు నోళ్ళు ఎప్పుడో వదిలేసిన ఆ గుర్తు ఇన్నాళ్ళకు మళ్ళీ అక్కరకొచ్చింది.)

ఈ పద్ధతిని ఎవరు కనిపెట్టారు? ఏ ఒక్కరూ కాదు. ఎలా పుట్టిందో చెప్పాలంటే అంతకుముందు చచ్చిపోయిన ఒక కాలం నుంచి మొదలుపెట్టాలి.

ఫ్రెంచికి తల్లి లాటిన్. లాటిన్‌లో 'పాడతాను' అనడానికి 'కాంతాబో' అనే ఒక్క మాట చాలు. 'పాడతాడు' అంటే 'కాంతాబిత్', 'పాడాడు' అంటే 'కాంతావిత్'. రెంటికీ తేడా ఒక్క హల్లు. రోమన్ సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో జనం నోట్లో అచ్చుల మధ్య బకారం, వకారం కలిసిపోయాయి. అయిపోయిన పాటకూ రాబోయే పాటకూ వినికిడిలో తేడా పోయింది. దాని బదులు ఇంకో వాడుక బలపడింది: 'కాంతారే హాబేఓ'. మాటకు మాట చెబితే 'పాడేది ఉంది నాకు'. మనం "పని ఉంది" అని అప్పు పెట్టుకున్నట్టు చెప్పే మాటే రానురాను కాలంగా మారింది. రెండు మాటలు అతుక్కుని ఫ్రెంచిలో 'శాఁతరే' అయ్యాయి. ఇప్పటి ఫ్రెంచి సామాన్య భవిష్యత్తు చివర్లు 'కలిగి ఉండు' క్రియ వర్తమానం ముక్కలేనని పట్టిక పక్కన పట్టిక పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఆ అతుకు పడిన తొలి మాట ఒకటి దొరికింది. ఫ్రెడెగార్ పేరుతో ఉన్న 7వ శతాబ్ది చరిత్రలో ఒక పిట్టకథ ఉంది. ఓడిన పర్షియా రాజును జస్టీనియన్ చక్రవర్తి దేశాలు తిరిగి ఇమ్మంటాడు. అతడు పాత లాటిన్‌లో 'ఇవ్వను' అంటాడు. చక్రవర్తి 'దారాస్' అంటాడు, అంటే 'ఇస్తావు'. ఆ మాట మీదే దారా నగరానికి పేరొచ్చిందని కథ. చరిత్రగా అది ఉత్త కట్టుకథ. కానీ 'దారాస్' అనే రూపం మాత్రం అసలైనది: దారే, హాబేస్ అతుక్కుని ఒకటైన మాట. తరువాత 842లో స్ట్రాస్‌బూర్‌లో ఇద్దరు అన్నదమ్ములు మూడోవాడి మీద కలిసి పోరాడతామని ఒట్టు పెట్టుకున్న పత్రంలో 'సాల్వరాయ్' అనే మాట కనిపిస్తుంది, కాపాడతాను అని. ఫ్రెంచి అనదగ్గ భాషలో మిగిలిన తొలి పత్రం అదే. అంటే మనకు దొరికిన తొలి ఫ్రెంచి రాత ఒక వాగ్దానం. భవిష్యత్తు లేకుండా అది కుదరదు.

ఇలా ఒక భవిష్యత్తు చచ్చి మరొకటి పుట్టింది. అయినా కథ ఆగలేదు. 'శాఁతరే' ఒకటే మాటగా గట్టిపడ్డాక, అందులోని 'ఉంది నాకు' ఎవరికీ వినపడడం మానేసింది. దాని పక్కన 15వ శతాబ్దం ప్రాంతంలో పోవుడు తలెత్తింది.

మొదట అది నిజమైన పోవుడే. కొడవలి పట్టుకుని చేను దిక్కు నడుస్తున్నవాణ్ణి ఎటని అడిగితే కోయ పోతున్నానంటాడు. ఆ జవాబులో రెండు సంగతులున్నాయి. ఒకటి కళ్ళకు కనబడే నడక, రెండోది ఇంకా జరగని కోత. నడక ఎలాగూ కనబడుతోంది కనుక వినేవాడు కోతనే పట్టుకుంటాడు. ఇది వేలసార్లు జరిగాక నడక లేనిచోట కూడా అదే మాట వాడతారు. చెరుకు రసం కాగి కాగి నీరు పోయి బెల్లం మిగిలినట్టు, పోవుడులోంచి నడక ఇగిరి ఉద్దేశం మిగులుతుంది. చివరికి కాళ్ళు లేనివాటికీ అది అంటుకుంటుంది. ఫ్రెంచిలో 'ఇల్ వా ప్లవ్వార్' అంటే వాన పడబోతోంది. వాన ఎక్కడికీ నడిచి పోదు. 'వా వెనీర్' అంటే 'రా పోతున్నాడు'. రావడం, పోవడం ఎదురెదురు మాటలు. అయినా మనం 'రాబోయే పండుగ' అని ఎంత మామూలుగా అంటామో ఫ్రెంచివాళ్ళూ అంతే మామూలుగా అంటారు. నడక పూర్తిగా చచ్చిందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. బతికిన మాట ఇలా వ్యాకరణపు పనిముట్టుగా మారడానికి ఆంత్వాన్ మెయ్యే అనే ఫ్రెంచి భాషావేత్త 1912లో 'గ్రామాతికాలిజాసియోఁ' అని పేరు పెట్టాడు. 1994లో జోన్ బైబీ, మరిద్దరు కలిసి 76 భాషలు పరిశీలించి రాసిన పుస్తకంలో, పోవుడు, రావుడు లాంటి కదలిక మాటల్లోంచి భవిష్యత్తు పుట్టడం ప్రపంచమంతా కనిపించే దారి అని చూపించారు. తమిళులు 'సెయ్యప్ పోగిరేన్' అంటారు. మనల్ని చూసి ఫ్రెంచివాళ్ళు నేర్చుకోలేదు, వాళ్ళను చూసి మనమూ నేర్చుకోలేదు.

తెలుగు దారి ఇంకా ముచ్చటైనది. పాత రాతలో 'చేయఁబోవు' అని ఉంటుంది. అసలు 'చేయన్ + పోవు'. నకారంతో ముగిసే ద్రుతప్రకృతికం తరువాత పరుషాలు సరళాలవుతాయి కనుక పకారం బకారమైంది, నకారం అరసున్నగా తగ్గింది. సరళాదేశం అని బడిలో బట్టీ కొట్టిన సూత్రమే. అంటే 'చేయబోతున్నాను'లోని 'బ' అనేది ఆ మాట నడిచొచ్చిన దారి గుర్తు. పోవుడును 'పో'తో మొదలుపెట్టే మనిషి రేపటి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం 'బో' ఎందుకంటున్నాడో దానితోనే తెలుస్తుంది.

మా దిక్కు వాడుకలో ఇంకో పొర ఉంది. ఇది పుస్తకాల్లో తక్కువ, నోళ్ళలో ఎక్కువ. "సినిమా చూడవోయిండు" అంటే చూడడానికి పోయాడు, ఇంట్లో లేడు. "పడబోయిండు" అంటే పడుతూ పడుతూ ఆగాడు, ఇక్కడే ఉన్నాడు. మొదటిది నిజమైన పోవుడు, రెండోదానిలో పోవుడు లేదు. ఒకే మాట వకారంతో ఒక పనికీ బకారంతో ఇంకో పనికీ స్థిరపడింది. రోమ్‌లో బ, వ కలిసిపోయి ఒక కాలం చచ్చింది. ఇక్కడ బ, వ విడిపోయి ఒక మాట రెండయింది. ఫ్రెంచిలో ఈ విడివడడం జరగలేదు. 'జె వె శెర్‌శే ల పాఁ' అంటే రొట్టె తేవడానికి లేచి పోతున్నానో, కాసేపట్లో తేబోతున్నానో సందర్భమే చెప్పాలి.

పడబోయిండు అన్నాను కదా, అదీ ఫ్రెంచిలో అచ్చంగా ఉంది. పోవుడును భూతకాలంలో పెట్టి 'ఇల్ అలె తోఁబే' అంటే పడబోయాడు. చివరిదాకా వచ్చి తప్పిపోయిన పనులను ఈ రూపంలోనూ చెబుతారు. అదే పోవుడు కతలాన్ భాషలో బొత్తిగా అడ్డం తిరిగింది. ఫ్రాన్సుకు దక్షిణాన, స్పెయిన్‌లోని బార్సెలోనా చుట్టూ మాట్లాడే ఆ భాషలో 'పోతున్నాను పాడ' అన్నట్టుండే మాటకు అర్థం 'పాడాను'. కథ చెప్పేవాళ్ళు జరిగిపోయినదాన్ని కళ్ళకు కట్టించాలని "అప్పుడు వాడు పోయి కొట్టుడు" అన్న ధోరణిలో పోవుడు వాడారు. ఫ్రెంచిలోనూ ఒక దశలో ఆ వాడుక ఉండేది, తరువాత పోయింది. ఒకే పోవుడు రెండు దేశాల నడిమి కొండలకు ఇవతల రేపుగా, అవతల నిన్నగా స్థిరపడింది. కాబట్టి ఇది ఇలాగే జరిగి తీరాలన్న నియమం ఏదీ లేదు.

ఇక పండితుల వంతు. జనం వాడుకలో పోవుడు కాలంగా కుదురుకుంటుంటే పారిస్ పండితులు దాని అర్థం వదిలి ఆకారం మీద కొట్లాడారు. నేను పోతున్నాను అనడానికి 'జె వె' ఒప్పా, 'జె వా' ఒప్పా? వోజ్‌లా అనే పండితుడు 1647లో అచ్చువేసిన భాషా వ్యాఖ్యల్లో రాసినదాని ప్రకారం చదువుకున్నవాళ్ళు 'వె' అంటారు, కానీ రాజాస్థానం మొత్తం 'వా' అంటుంది, వాళ్ళ చెవికి 'వె' పల్లెటూరి మాట. చివరికి పల్లెటూరి మాటే గెలిచి పుస్తకాలకెక్కింది, రాజుగారి మాట మోటైంది. ఈ గొడవ ఎంత దూరం పోయిందో చెప్పే కథ ఒకటి ఉంది. 1702లో చనిపోయిన దొమినిక్ బూవూర్ అనే జెసూట్ పాదిరి గొప్ప వ్యాకర్త. ప్రాణం పోయే ముందు ఆయన 'నేను చావబోతున్నాను' అన్న వాక్యాన్ని 'వె'తో ఒకసారి, 'వా'తో ఒకసారి చెప్పి, రెండూ వాడుకలో ఉన్నవేనని తీర్పు ఇచ్చి కన్నుమూశాడట. నిజమో కాదో గానీ, ఇదే కథ వోజ్‌లా పేరు మీదా చెబుతారు. ఏ వ్యాకర్త మీద చెప్పినా అతికినట్టుండే కథ.

ఆస్థానం వదిలేసిన 'వా' సముద్రం దాటి కెనడా చేరింది. క్యుబెక్ పల్లెల్లో 'జె వా' ఇంకా బతికే ఉంది. 'జె మఁ వా' అనే పాత మాట నలిగి నలిగి 'మా' అనే ఒక్క అక్షరమై, 'నేను చేయబోతున్నాను' అనడానికి అదొక్కటే సరిపోతోంది. 'వా' ఇంకో దిక్కు హిందూ మహాసముద్రానికీ చేరింది. అక్కడ దానికి తెలుగువాళ్ళు ఎదురుపడ్డారు.

మారిషస్ 1715 నుంచి 1810 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు యజమానుల ఫ్రెంచిని తమ నోటికి అనువుగా మార్చుకుని క్రియోల్ చేసుకున్నారు. అందులో క్రియాపట్టికలు లేవు. వె, వా, అలోఁ, వోఁ అన్నీ పోయి 'అవా' ఒక్కటే మిగిలింది. నేనైనా మీరైనా వాళ్ళైనా అదే. దాని పక్కన, ఖాయంగా జరిగే పనికి 'పు' అనే మరో గుర్తు. 'మో పు అలే' అంటే నేను పోతాను. వ్యాకర్తలు శతాబ్దం పాటు కొట్లాడిన తేడాను చెరుకు తోటల బానిసలు ఒక్క తరంలోనో రెండు తరాల్లోనో అవతల పారేశారు. నన్నడిగితే ఈ కథలో ఆవిష్కర్తలు అనదగ్గవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళే. 1835లో బానిసత్వం పోయాక ఆ తోటల్లోకి ఇండియా నుంచి ఒప్పందం మీద గిరిమిటియా కూలీలు వచ్చారు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట, ఫ్రెంచి యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళకు అక్కడ కోరంగీలని పేరు పడింది. మా కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే గోదావరే అది. వాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగులో 'బోతున్నాం' విన్నారు, తోటలో క్రియోల్ 'అవా' విన్నారు. తరాలు గడిచేసరికి క్రియోల్ ఇంటి భాషైంది. తెలుగు గుడిలో, రామభజనలో, బడిలో మిగిలింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. రాబోయే పండుగ గురించి మాత్రం వాళ్ళు మాట్లాడుకునేది క్రియోల్లోనే.

మళ్ళీ పారిస్‌కు. 1929లో జోర్జ్ గూజెన్‌హైమ్ ఫ్రెంచిలోని ఇలాంటి జోడు క్రియల మీద పెద్ద పరిశోధన గ్రంథం రాశాడు. అదే మనిషి 1950లలో ఒక బృందంతో కలిసి, విదేశీయులకు ముందుగా ఏ ఫ్రెంచి నేర్పాలన్నది తేల్చడానికి పుస్తకాలు పక్కనపెట్టి మనుషుల మాటలు రికార్డు చేశాడు. మూడు లక్షలకు పైగా మాటలు పోగుచేసి లెక్కగట్టారు. నోటిమాటే ముందు నేర్పాలన్న ఆలోచన అప్పటి నుంచి పాఠాల్లో గట్టిపడింది. ఇవాళ మొదటి మెట్టు పుస్తకాల్లో సామాన్య భవిష్యత్తు కంటే ముందే ఫ్యూత్యూర్ ప్రోష్ రావడం ఆ ధోరణికి తగినదే. మా తమ్ముడి కూతురు నెత్తిన మొదటి ఏడే ఆ పట్టిక పడింది అందుకే.

'దగ్గరి' అన్న పేరు మాత్రం నాకు నచ్చదు. దూరంతో దానికి పెద్దగా పనిలేదు. కొన్ని వందల కోట్ల ఏళ్ళ తరువాత సూర్యుడు ఆరిపోబోతున్నాడని ఫ్రెంచిలో ఇదే రూపంలో చెప్పవచ్చు, తెలుగులోనూ చెప్పవచ్చు. అసలు తేడా తెలియాలంటే ఫ్రెంచి పంతుళ్ళు చెప్పే ఒక ఉదాహరణ చూడాలి. ఒకామె గురించి పోవుడు రూపంలో 'బిడ్డ కలగబోతోంది' అంటే ఆమె ఇప్పటికే కడుపుతో ఉంది. సామాన్య భవిష్యత్తులో అంటే ఎప్పుడో ఒకప్పుడు కంటుంది. తెలుగులో 'తల్లి కాబోతోంది', 'తల్లవుతుంది' మధ్య ఉన్నది ఆ తేడానే. బీజం ఇవాళ పడి ఉండాలి. 'కాబోయే అల్లుడు' అంటే ఎవరో ఒక కుర్రాడు కాదు, మాట అనుకున్నవాడు. మనకు దీని అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే 'వస్తాడు' అన్న మాట రోజూ వచ్చేవాడికీ రేపు వచ్చేవాడికీ ఒక్కటే.

బీజం పడిందని నమ్మించడానికీ ఇదే రూపం పనికొస్తుంది. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అప్పటి నుంచి ఎన్నికల సభల్లో ఎవరూ "తెరుస్తాం" అని ఊరుకోరు, "తెరవబోతున్నాం" అంటారు. ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో ఆ వ్యాకరణం పిల్లలకు కూడా తెలుసు.

కాదు అని చెప్పాల్సి వచ్చినప్పుడు పోవుడు వెనక్కి తగ్గడం ఇంకో విచిత్రం. ఫ్రెంచి పాఠంలో నిషేధం సులువే: 'నె', 'పా' అనే రెండు ముక్కల మధ్య పోవుడును పెడితే చాలు, 'జె నె వె పా శాఁతే', పాడబోవడం లేదు. కానీ కెనడాలో ఒట్టావా, హల్ జంట పట్టణాల ఫ్రెంచివాళ్ళ మాటలను షానా పోప్లాక్, దనియెల్ తుర్‌పాఁ రికార్డుల్లోంచి లెక్కగట్టి 1999లో అచ్చువేసినప్పుడు తేలిన సంగతి వేరు. భవిష్యత్తు చెప్పే వాక్యాల్లో దాదాపు ముప్పాతిక భాగం పోవుడు రూపానివే. పాత 'శాఁతరే' మూలకు పోయింది. అది గట్టిగా నిలబడ్డ చోటు ఒక్కటే, కాదు అనే వాక్యాలు. అక్కడ పోవుడు దాదాపుగా అడుగుపెట్టలేదు. ఈ సంగతి చదివాక మా ఊళ్ళో చెవి పెట్టి విన్నాను. "పెండ్లికి పోబోతున్నవా?" అని అడిగితే "పోబోవడం లేదు" అనేవాడు టీవీ వార్తల్లో తప్ప ఎక్కడా లేడు. రెంజల్‌లో జవాబు "పోను". కాలం గుర్తు ఏదీ లేని పొట్టి రూపం అది.